మెదడులో నిరోధక మార్గాల జాడ

మెదడులో ఒక ప్రాంతం మరొక ప్రాంతం మీద రెండు విధాలుగా ప్రభావం చూపగలదు. దాన్ని ఉత్తేజపరచవచ్చు, లేదా అణచి ఉంచవచ్చు. ఉత్తేజాన్ని మోసుకెళ్లే నాడీరసాయనాల్లో ముఖ్యమైనది గ్లుటమేట్. అణచివేతను మోసుకెళ్లేవాటిలో ముఖ్యమైనది గామా అమైనో బ్యుటిరిక్ ఆమ్లం. దాన్ని పొట్టిగా గాబా అంటారు. వెన్నుపాములోనూ మెదడుకాండంలోనూ గ్లైసీన్ కూడా ఇదే పని చేస్తుంది. గాబా అణువు నాడీకణం పొర మీదున్న గ్రాహకానికి అతుక్కోగానే ఆ గ్రాహకం మధ్యలోని సన్నని దారి తెరుచుకుంటుంది. దాని గుండా క్లోరైడ్ అయాన్లు లోపలికి చేరతాయి. దాంతో కణం వోల్టేజి సంకేతం పుట్టే స్థాయిని అందుకోలేక కిందే నిలిచిపోతుంది. ఇది ఎ-రకం గ్రాహకం పని. 1980 ప్రాంతంలో నార్మన్ బౌరీ బృందం గుర్తించిన బి-రకం గ్రాహకం ఇంకొంత నెమ్మదిగా, పొటాషియం ద్వారాల సాయంతో ఇదే ఫలితాన్ని సాధిస్తుంది.

నిరోధక కణాల్లో చాలావాటి పరిధి చిన్నది. పెద్దమెదడు పైపొరలో ప్రతి అయిదు నాడీకణాల్లో ఇంచుమించు ఒకటి గాబా కణం. కానీ వాటిలో అత్యధిక భాగం ఇరుగుపొరుగు కణాలనే అదుపు చేస్తాయి. వాటి తంతువులు ఆ ప్రాంతం దాటిపోవు. మరికొన్ని గాబా కణాల తీరు వేరు. అవి తమ తంతువులను దూరంగా పంపి, వేరే ప్రాంతాన్ని అణచి ఉంచుతాయి. చిన్నమెదడులోని పర్కింజి కణాలు, పెద్దమెదడు లోలోపల ఉండే స్ట్రయేటమ్ కణాలు, సెప్టమ్ నుంచి హిప్పోకాంపస్‌కు వెళ్లే తంతువులు, హైపోథాలమస్ నుంచి మెలకువ కేంద్రాలకు వెళ్లే తంతువులు ఈ కోవలోవి. కదలిక, నిద్ర, జ్ఞాపకం సజావుగా సాగడానికి ఈ దూరపు అణచివేత తప్పనిసరి.

ఇలాంటి మార్గాన్ని నిర్ధారించాలంటే మూడు ప్రశ్నలకు విడివిడిగా జవాబు దొరకాలి. తంతువు ఎక్కడ పుట్టి ఎక్కడ ముగుస్తోంది? దాని కొస నుంచి విడుదలయ్యే రసాయనం ఏది? ఆ రసాయనం అవతలి కణాన్ని నిజంగా అణచివేస్తోందా? ఒక ప్రశ్నకు దొరికిన జవాబు మిగతా రెండింటికీ సరిపోదు. ఉత్తేజక తంతువు, నిరోధక తంతువు మామూలు సూక్ష్మదర్శిని కింద ఒక్కలాగే కనిపిస్తాయి. అందుకే మెదడు పటం మీద రెండు ప్రాంతాలను కలుపుతూ గీత గీయడం తేలికే గానీ, ఆ గీత పక్కన కూడిక గుర్తు పెట్టాలా, తీసివేత గుర్తు పెట్టాలా అని తేల్చడానికి దశాబ్దాలు పట్టింది.

గాబా గుర్తింపు

1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో యూజీన్ రాబర్ట్స్, శామ్ ఫ్రాంకెల్ మెదడు కణజాలంలో గాబాను కనుగొన్నారు. అదే ఏడాది హోర్హే అవాపారా కూడా స్వతంత్రంగా ఇదే ఫలితాన్ని ప్రకటించారు. ఇతర అవయవాల్లో పెద్దగా కనిపించని ఈ అమైనో ఆమ్లం మెదడులో అంతంత మోతాదులో ఎందుకుందో అప్పటికి ఎవరికీ తెలియదు. ఎర్నస్ట్ ఫ్లోరే వేరే దారిలో ఇదే పదార్థం దగ్గరికి చేరారు. క్షీరదాల మెదడు నుంచి తీసిన సారాన్ని క్రేఫిష్ అనే రొయ్యజాతి జీవి నాడీకణం మీద వేస్తే దాని సంకేతాలు ఆగిపోయాయి. అందులోని క్రియాశీల పదార్థానికి ఆయన ఫ్యాక్టర్ ఐ అని పేరు పెట్టారు. అది గాబాయేనని 1957లో బేజ్‌మోర్, ఎలియట్, ఫ్లోరే కలిసి తేల్చారు.

ఒక రసాయనం సంకేతాలను ఆపగలదని తేలినంత మాత్రాన నాడీకణాలు ఆ పనికి దాన్నే వాడుకుంటున్నాయని చెప్పలేం. ఆ నిరూపణ లాబ్‌స్టర్ నుంచి వచ్చింది. ఈ జీవుల కండరాలకు ఉత్తేజక తంతువు వేరుగా, నిరోధక తంతువు వేరుగా చేరతాయి. రెండూ లావుగా ఉంటాయి కనుక ఒక్కొక్క తంతువునూ విడదీసి, అందులో ఏముందో కొలవవచ్చు. హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ క్రావిట్జ్, స్టీఫెన్ కఫ్లర్, డేవిడ్ పాటర్ ఇలా కొలిచి చూస్తే, నిరోధక తంతువుల్లో గాబా ఉత్తేజక తంతువుల్లో కన్నా దాదాపు 100 రెట్లు ఎక్కువగా ఉంది. 1966లో ఒత్సుకా, ఐవర్సన్, హాల్, క్రావిట్జ్ మరో అడుగు వేశారు: నిరోధక నాడిని ఉద్దీపింపజేసినప్పుడు గాబా బయటికి వచ్చింది, ఉత్తేజక నాడిని ఉద్దీపింపజేసినప్పుడు రాలేదు. నాడీశాస్త్రం మొత్తంలో ఇంత శుభ్రమైన ప్రయోగాలు అరుదు. అయితే క్షీరదాల మెదడులో ఇలా తంతువు తర్వాత తంతువును చేతితో విడదీసే వీల్లేదు.

పర్కింజి కణాలు: మొదటి దూరమార్గం

చిన్నమెదడు పైపొరలో ఒకే వరుసలో నిలిచే పెద్ద కణాలను యాన్ పర్కింజి 1837లో వర్ణించారు. ఆ పైపొర నుంచి బయటికి సంకేతం వెళ్లేది వాటి తంతువుల ద్వారానే. 1960ల దాకా చాలామంది ఒక నియమాన్ని నమ్మేవారు: పొడవైన తంతువులున్న పెద్ద కణాలు ఉత్తేజకాలు, పొట్టి తంతువులున్న చిన్న కణాలు నిరోధకాలు. పర్కింజి కణాలు మొదటి వర్గంలోకి వస్తాయనడంలో ఎవరికీ అనుమానం లేదు.

టోక్యో విశ్వవిద్యాలయంలో మసావో ఇతో, యోషిదా 1964లో ఈ నియమాన్ని పడగొట్టారు. మెదడుకాండంలోని డైటర్స్ కేంద్రానికి పర్కింజి తంతువులు నేరుగా వచ్చి చేరతాయి. పిల్లుల్లో చిన్నమెదడు పైపొరను విద్యుత్‌తో ఉద్దీపింపజేస్తూ డైటర్స్ కణాల లోపలి వోల్టేజిని కొలిచారు. వోల్టేజి పెరగడానికి బదులు తగ్గింది. ఉద్దీపనకూ ఆ తగ్గుదలకూ మధ్య పట్టిన సమయం ఒకే ఒక్క సినాప్స్‌ను, అంటే రెండు నాడీకణాల కూడలిని, దాటడానికి సరిపోయేంతే. మధ్యలో మరో నిరోధక కణం ఉండి ఉంటుందన్న వాదనకు దాంతో చోటు లేకుండా పోయింది. చిన్నమెదడు పైపొర తన నుంచి బయటికి పంపేదంతా అణచివేతే.

రసాయనం సంగతి ఆ వెంటనే తేలింది. 1967లో ఒబాటా, ఇతో తదితరులు డైటర్స్ కణాల మీద గాబాను సూక్ష్మమోతాదులో వేసి, పర్కింజి సంకేతం తెచ్చే మార్పే వస్తోందని చూపారు. 1969లో ఒబాటా, తకేదా చిన్నమెదడును ఉద్దీపింపజేసి, దానిని ఆనుకొని ఉన్న నాలుగో జఠరికలోని ద్రవంలో గాబా పెరుగుదలను కొలిచారు. 1970లో నార్వేలో ఫ్రోడే ఫోనమ్, యోన్ స్టోర్మ్-మాథిసన్, ఫ్రెడ్ వాల్‌బెర్గ్ గాబాను తయారుచేసే ఎంజైమ్ పర్కింజి తంతువుల కొసల్లో పోగుపడి ఉందని నిర్ధారించారు. మూడు ప్రశ్నలకూ జవాబు దొరికిన మొదటి దూరపు నిరోధక మార్గం ఇదే అనవచ్చు. తర్వాత వచ్చిన ప్రతి మార్గాన్నీ ఈ కొలబద్దతోనే చూడాలి. చూడనివి చాలానే పొరపాట్లకు దారితీశాయి.

తంతువు దారిని పట్టుకోవడం

అగస్టస్ వాలర్ 1850లో కప్పల నాడులను కోసి ఒక విషయం గమనించారు. కణదేహం నుంచి తెగిపోయిన తంతుభాగం శిథిలమవుతుంది. మెదడులో ఒకచోట గాయం చేసి, ఎక్కడెక్కడ తంతువులు శిథిలమయ్యాయో వెతికితే, గాయమైన చోటు నుంచి తంతువులు ఎటు వెళ్తున్నాయో తెలుస్తుంది. 1950ల్లో వాలే నౌటా శిథిలమవుతున్న తంతువులకు మాత్రమే వెండి రంగు పట్టే పద్ధతిని తీర్చిదిద్దాక, ఇరవై ఏళ్ల పాటు మెదడు పటాలు చాలావరకు ఆ పద్ధతితోనే తయారయ్యాయి. దానికొక పెద్ద లోపం ఉంది. గాయం చేసిన చోట పుట్టే తంతువులతో పాటు, ఆ చోటు మీదుగా ఊరికే సాగిపోయే తంతువులూ తెగిపోతాయి. రెండింటినీ విడదీసి చెప్పడం కుదరదు.

ఆ చిక్కును విప్పింది తంతువు లోపల జరిగే రవాణా. నాడీకణం తనకు కావలసిన ప్రొటీన్లను దాదాపు పూర్తిగా కణదేహంలోనే తయారుచేసి తంతువు కొసకు పంపుతుంది. కొసలో పోగైనవాటిని వెనక్కి తెచ్చుకుంటుంది. వేగంగా సాగే రవాణా రోజుకు 200 నుంచి 400 మిల్లీమీటర్ల దూరం పోతుంది. ఈ బాటలో ఎక్కించిన పదార్థం తంతువు పొడవునా ప్రయాణించి తన ఉనికిని చాటుతుంది. 1972లో లావేల్ దంపతులు గుర్రపు ముల్లంగి మొక్క నుంచి తీసిన పెరాక్సిడేజ్ ఎంజైమ్‌ను తంతువుల కొసల దగ్గర వదిలితే అది కణదేహాలకు చేరుతుందని చూపారు. అదే ఏడాది మాక్స్‌వెల్ కోవన్ బృందం రేడియోధార్మిక అమైనో ఆమ్లాలను కణదేహాల దగ్గర వదిలి అవి కొసల దాకా సాగిన దారిని ఫిల్ము మీద చూసింది. 1984లో చార్లెస్ గెర్ఫెన్, పాల్ సాచెంకో ఒకరకం చిక్కుడుగింజల నుంచి లభించే లెక్టిన్‌ను వాడారు. దాన్ని కణదేహాలే గ్రహిస్తాయి. దారిన పోయే తంతువులు పెద్దగా గ్రహించవు. తంతువు ఎక్కడ చీలింది, ఏ కణం మీద ఎన్ని గుబ్బలుగా ముగిసిందీ అన్నీ అందులో స్పష్టంగా కనిపిస్తాయి.

ఇంతా చేస్తే ఇవన్నీ మొదటి ప్రశ్నకే జవాబు.

రసాయనాన్ని రుజువు చేయడం

గాబా తయారయ్యేది గ్లుటమేట్ నుంచే. ఉత్తేజానికి వాడే అణువు నుంచి ఒక కార్బాక్సిల్ భాగాన్ని తొలగిస్తే అణచివేతకు వాడే అణువు వస్తుంది. ఆ మార్పు చేసే ఎంజైమ్ గ్లుటమిక్ ఆమ్ల డీకార్బాక్సిలేజ్, క్లుప్తంగా జీఏడీ. గ్లుటమేట్ ప్రతి కణంలోనూ ఏదో ఒక పనికి ఉంటుంది కనుక దాని ఉనికి పెద్ద ఆధారం కాదు. జీఏడీ మాత్రం గాబా కణాలకే పరిమితం. ఈ ఎంజైమ్‌లో జీఏడీ 65, జీఏడీ 67 అని రెండు రూపాలున్నాయి. ఆ అంకెలు వాటి అణుభారాన్ని కిలోడాల్టన్లలో తెలిపేవి.

మొదట్లో వాడిన పద్ధతి మోటుదే అయినా తర్కం గట్టిది. అనుమానించిన మార్గాన్ని ఒకచోట తెంచి, కొన్నాళ్లాగి, అవతలి కొసన జీఏడీ ఎంత తగ్గిందో కొలవాలి. 1974లో ఫోనమ్ బృందం స్ట్రయేటమ్ నుంచి మధ్యమెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రాకు వెళ్లే తంతువులను పిల్లుల్లో తెంచి చూస్తే, నైగ్రాలో జీఏడీ బాగా పడిపోయింది. ఆ మార్గం గాబాను మోస్తుందనడానికి అది బలమైన ఆధారం. ఏ కణం, ఏ తంతువు అన్నది మాత్రం ఆ కొలతలో కనిపించదు. నూరిన కణజాలంలో దొరికేది మొత్తం లెక్కే.

కణం స్థాయికి దిగడానికి ప్రతిరక్షకాలు కావలసి వచ్చాయి. రాబర్ట్స్ ప్రయోగశాల జీఏడీని శుద్ధిచేసి దానికి ప్రతిరక్షకాలు తయారుచేసింది. 1970ల రెండో సగంలో చార్లెస్ రిబాక్, జేమ్స్ వాన్ వాటితో నైగ్రాలోని తంతుకొసలకు రంగు పట్టించి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూశారు. కొసలు చక్కగా కనిపించాయి. కణదేహాలు కనిపించలేదు, ఎందుకంటే తయారైన ఎంజైమ్ నిలవ ఉండకుండా కొసలకు తరలిపోతుంది. రవాణాను స్తంభింపజేసే కాల్చిసిన్ మందు ఇచ్చి ఎంజైమ్ కణదేహంలోనే పోగయ్యేలా చేశాక ఆ ఇబ్బంది తీరింది. 1983లో స్టోర్మ్-మాథిసన్ బృందం ఎంజైమ్‌ను కాకుండా కణజాలంలో బిగించిన గాబా అణువునే గుర్తించే ప్రతిరక్షకాలను తయారుచేసింది. ఆ తర్వాత జీఏడీ సందేశ ఆర్‌ఎన్‌ఏను కణదేహంలోనే గుర్తించే పద్ధతి, 1997లో గాబాను చిన్న సంచుల్లోకి నింపే వాహక ప్రొటీన్ వెలుగులోకి వచ్చాయి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కూడా తన వంతు సాక్ష్యం ఇస్తుంది. సినాప్స్‌లో రెండువైపుల పొరల మందం సమానంగా ఉంటే అది ఎక్కువగా నిరోధక సినాప్స్; ఒకవైపు మందంగా ఉంటే ఉత్తేజక సినాప్స్. ఇది గట్టి సూచనే తప్ప, దాని మీదే ఆధారపడి తీర్పు చెప్పకూడదు.

మార్గాన్ని, రసాయనాన్ని ఒకే కణంలో చూపడం నిజమైన నిరూపణ. ఒక ప్రాంతంలో వదిలిన ట్రేసర్, అంటే జాడ తెలిపే పదార్థం, మరో ప్రాంతంలోని కణదేహానికి చేరి, అదే కణదేహంలో జీఏడీ గుర్తు కూడా కనిపిస్తే, ఆ తంతువు గాబా తంతువని చెప్పవచ్చు.

అణచివేతను అణచడం

నిరోధక మార్గాల్లో అన్నిటికన్నా ఎక్కువగా పరిశోధకులను ఆకర్షించినది స్ట్రయేటమ్ నుంచి సాగే వలయం. స్ట్రయేటమ్‌లో 90 శాతానికి మించిన కణాలు గాబా కణాలే. వాటి తంతువులు గ్లోబస్ పాలిడస్‌కూ సబ్‌స్టాన్షియా నైగ్రాకూ చేరతాయి. అక్కడి కణాలు కూడా గాబా కణాలే; అవి థాలమస్‌ను, మధ్యమెదడులోని కంటికదలిక కేంద్రమైన సుపీరియర్ కొలిక్యులస్‌ను అణచి ఉంచుతాయి. ఒక అణచివేత మీద మరో అణచివేత. స్ట్రయేటమ్ కణాలు మామూలుగా దాదాపు మౌనంగా ఉంటాయి. పాలిడస్, నైగ్రా కణాలు మాత్రం ఏ పనీ లేనప్పుడు కూడా సెకనుకు పదుల సంఖ్యలో సంకేతాలు పంపుతూనే ఉంటాయి. కాబట్టి మెదడు మామూలు స్థితి కదలికను బిగించి ఉంచడమే. స్ట్రయేటమ్ ఒక్క క్షణం పలికితే నైగ్రా మౌనం వహిస్తుంది, అవతలి కేంద్రానికి విడుదల దొరుకుతుంది. చెరువు తూము పైకెత్తినవాడు నీటిని తోయడు; నీటికి ఉన్న ఒత్తిడికే దారి ఇస్తాడు. స్ట్రయేటమ్ చేసేదీ అదే: కదలికను పుట్టించదు, ఇతర చోట్ల సిద్ధంగా ఉన్న ఉత్తేజానికి దారి వదులుతుంది.

ఈ సంగతిని అత్యంత స్పష్టంగా చూపినవి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో ఒకిహిదే హికోసాకా, రాబర్ట్ వుర్ట్జ్ కోతుల మీద చేసిన ప్రయోగాలు. కోతి చూపును ఒక బిందువు నుంచి మరో బిందువుకు మరల్చేముందు నైగ్రా కణాలు సంకేతాలు ఆపేస్తాయని 1983లో వారు ప్రకటించారు. సరిగ్గా అప్పుడే సుపీరియర్ కొలిక్యులస్ కణాలు సంకేతాలు వదులుతాయి. రెండూ ఒకేసారి జరగడం కారణాన్ని నిరూపించదు. అందుకని 1985లో మందులతో పరీక్షించారు. గాబాలా పనిచేసే మస్కిమాల్‌ను కొలిక్యులస్‌లో వేస్తే ఎదుటివైపు చూపు మరల్చడం కష్టమైంది. అక్కడే గాబాను అడ్డుకొనే బైకుకులిన్ వేస్తే కోతి వద్దన్నా చూపు అటు ఎగిరిపోసాగింది. అదే మస్కిమాల్‌ను కొలిక్యులస్‌లో కాకుండా నైగ్రాలో వేసినప్పుడు ఫలితం తలకిందులైంది: బైకుకులిన్ వేసినట్టే చూపు అదుపు తప్పింది. నైగ్రాను అణచడమంటే కొలిక్యులస్‌ను విడిపించడమే కనుక అలాగే జరగాలి. ఒకే మందు రెండు చోట్ల రెండు వ్యతిరేక ఫలితాలు ఇవ్వడం ఈ వలయం తర్కాన్ని పూర్తిగా బయటపెట్టింది. దాదాపు అదే సమయంలో ఫ్రాన్స్‌లో జిల్ షెవాలియే, జాన్-మిషెల్ దెనియో ఎలుకల్లో స్ట్రయేటమ్‌ను ఉద్దీపింపజేసి, నైగ్రా మౌనమూ, దాని వెంటే కొలిక్యులస్ విజృంభణా చూపారు.

స్ట్రయేటమ్ నుంచి బయలుదేరే మార్గాలు రెండు. ఒకటి నేరుగా పాలిడస్ లోపలి భాగానికీ నైగ్రాకూ చేరుతుంది. రెండోది పాలిడస్ బయటి భాగం, సబ్‌థాలమిక్ కేంద్రం మీదుగా చుట్టు తిరిగి అక్కడికే చేరుతుంది. నేరు మార్గం కదలికకు దారి వదులుతుంది, చుట్టు మార్గం బిగిస్తుంది. డోపమైన్ అనే నాడీరసాయనం మొదటిదాన్ని డీ1 గ్రాహకం ద్వారా బలపరుస్తుంది, రెండోదాన్ని డీ2 గ్రాహకం ద్వారా తగ్గిస్తుంది. చుట్టు మార్గంలో ఒక గుర్తు విషయంలో చాలాకాలం తప్పు జరిగింది. 1980ల మధ్య దాకా సబ్‌థాలమిక్ కేంద్రం కూడా గాబా కేంద్రమేనని చాలామంది భావించారు. అది నిజంగా గ్లుటమేట్ కేంద్రమని ఆ దశాబ్దం చివర తేలింది. ఒక్క గుర్తు మారేసరికి వలయం అర్థమే మారిపోయింది: ఆ కేంద్రం కదలికను బిగించే పక్షాన ఉందని స్పష్టమైంది. అది ఒకవైపు దెబ్బతిన్న రోగుల్లో ఎదుటివైపు చెయ్యీ కాలూ విసురుగా ఎగిరిపడటానికి కారణం దాంతో బోధపడింది.

రోగాలు ఈ పటానికి బాసటగా నిలిచాయి. హంటింగ్టన్ వ్యాధితో మరణించినవారి మెదడులో గాబా తగ్గిందని 1973లో థామస్ పెర్రీ బృందం చూపింది. చుట్టు మార్గాన్ని మొదలుపెట్టే స్ట్రయేటమ్ కణాలు ఆ వ్యాధిలో ముందుగా నశిస్తాయి. బిగింపు సడలి, వద్దన్నా కదలికలు వస్తాయి. పార్కిన్‌సన్ వ్యాధిలో దీనికి వ్యతిరేకం జరుగుతుంది. డోపమైన్ తగ్గడంతో నేరు మార్గం బలహీనపడుతుంది, చుట్టు మార్గం రెచ్చిపోతుంది, పాలిడస్ లోపలి భాగం థాలమస్‌ను అతిగా అణచివేస్తుంది. 1989లో రోజర్ ఆల్బిన్, ఆన్ యంగ్, జాన్ పెన్నీ, 1990లో మాలన్ డెలాంగ్ ఈ వివరణను ఒక నమూనాగా కూర్చారు. నమూనా నిజమైతే సబ్‌థాలమిక్ కేంద్రాన్ని తొలగించడం మేలు చేయాలి. 1990లో హగాయ్ బెర్గ్‌మన్, థామస్ విచ్‌మన్, డెలాంగ్ ఎంపీటీపీ విషంతో పార్కిన్‌సన్ లక్షణాలు తెప్పించిన కోతుల్లో ఆ కేంద్రాన్ని నాశనం చేసి చూశారు. కోతులు మళ్లీ కదిలాయి. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఆలిమ్-లూయీ బెనబీద్ బృందం 1993 నుంచి అదే కేంద్రంలో సన్నని ఎలక్ట్రోడు అమర్చి రోగులకు చికిత్స మొదలుపెట్టింది. హైదరాబాద్‌తో సహా ప్రపంచంలోని ఎన్నో నగరాల్లో నేడు జరుగుతున్న డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ శస్త్రచికిత్స ఇదే. డెలాంగ్, బెనబీద్‌లకు 2014లో లాస్కర్ పురస్కారం దక్కింది.

2010లో అలెక్సై క్రావిట్జ్, అనటోల్ క్రైట్జర్ బృందం ఎలుకల్లో నేరు మార్గం కణాలను మాత్రమే కాంతికి స్పందించేలా మార్చి, కాంతితో ఉత్తేజపరచింది, కదలికలు పెరిగాయి. చుట్టు మార్గం కణాలను ఉత్తేజపరిస్తే ఎలుకలు స్తంభించాయి. నమూనా అక్షరాలా నిజమైందనిపించింది. కానీ 2013లో రూయీ కోస్టా బృందం సహజంగా కదులుతున్న ఎలుకల్లో కొలిచినప్పుడు, కదలిక మొదలయ్యే సమయంలో రెండు మార్గాలూ కలిసే పలికాయి. ఒకటి వేగం పెంచేది, మరొకటి ఆపేది అన్న సులువైన విభజన చాలదు. కావలసిన కదలికకు దారి వదులుతూనే అక్కరలేని కదలికలను బిగించి ఉంచడం ఈ జంట పని అయి ఉండవచ్చు.

జ్ఞాపకం, నిద్ర

1988లో బుడాపెస్ట్ పరిశోధకులు తమాష్ ఫ్రాయిండ్, మిక్లోష్ అంతల్ ఎలుక సెప్టమ్‌లో చిక్కుడు లెక్టిన్‌ను వదిలి, జ్ఞాపకానికి ముఖ్యమైన హిప్పోకాంపస్‌లో ఆ లెక్టిన్ చేరిన తంతుకొసలకు గాబా రంగు కూడా పట్టించారు. సెప్టమ్ నుంచి వచ్చే గాబా తంతువులు అక్కడి ప్రధాన కణాలను వదిలిపెట్టి, ఏరికోరి నిరోధక కణాల మీదే ముగుస్తున్నాయి. ఇక్కడా అణచివేతను అణచడమే. కొత్త చోట్లను శోధించే ఎలుక హిప్పోకాంపస్‌లో కనిపించే థీటా లయ, అంటే సెకనుకు సుమారు 4 నుంచి 12 సార్లు ఊగే విద్యుత్ తరంగం, ఈ సెప్టమ్ కణాల సాయంతో నడుస్తుంది.

నిద్ర కథ ఒక మహమ్మారితో మొదలైంది. 1916 చలికాలం నుంచి యూరప్‌లో వ్యాపించిన మెదడువాపు జబ్బులో చాలామంది రోగులు వారాల తరబడి మగతలో ఉండేవారు. కొందరికి మాత్రం నిద్రే పట్టేది కాదు. వియన్నాలో కాన్‌స్టంటిన్ ఫాన్ ఎకనామో మరణించినవారి మెదళ్లను పరీక్షించారు. మగతగా ఉన్నవారిలో హైపోథాలమస్ వెనుక భాగం, నిద్రలేనివారిలో ముందు భాగం దెబ్బతిన్నాయి. 1946లో నౌటా ఎలుకల్లో ఇదే తేడాను చూపారు. ముందు భాగంలో నిద్రను తెచ్చే కణాలున్నాయన్నది సూటిగా తట్టే ఊహే. వాటిని వేలు పెట్టి చూపడానికి అరశతాబ్దం పట్టింది. 1996లో జొనాథన్ షెరిన్, క్లిఫర్డ్ సేపర్ తదితరులు అక్కడి ఒక చిన్న కణసమూహం నిద్రలోనే చురుగ్గా ఉంటుందని గుర్తించారు. ఆ కణాలు తమ తంతువులను హిస్టమైన్ తయారుచేసే మెలకువ కేంద్రానికి పంపుతాయి. వాటిలో గాబా, గలనిన్ అనే మరో రసాయనం రెండూ ఉన్నాయి. మెలకువ కేంద్రాలు కూడా తిరిగి ఈ కణాలనే అణచివేస్తాయి. ఎవరిది పైచేయి అయితే వారు రెండోవారిని ఇంకా అణచుతారు కనుక మెదడు మధ్యస్థ స్థితిలో ఎక్కువసేపు ఉండదు.

కొత్త పనిముట్లు, తీరని చిక్కులు

ఇప్పుడు మూడు ప్రశ్నలకూ ఒకే ప్రయోగంలో జవాబు రాబట్టవచ్చు. గాబా కణాల్లో మాత్రమే పనిచేసే జన్యు మీట ఉన్న ఎలుకల్ని పెంచుతారు. ఒక ప్రాంతంలో నిరపాయమైన వైరస్‌ను ఎక్కిస్తే, అక్కడి గాబా కణాలకు మాత్రమే కాంతికి స్పందించే ప్రొటీన్ అమరుతుంది. ఆ ప్రొటీన్ తంతువు పొడవునా పాకుతుంది కనుక దారి వెలుగుతూ కనిపిస్తుంది. అవతలి ప్రాంతంలో ఒక కణానికి సన్నని గాజునాళిక అతికించి, కొసల మీద నీలికాంతి పడవేస్తారు. కొన్ని మిల్లీసెకన్లలో నిరోధక విద్యుత్ ప్రవాహం కనిపించి, గాబా గ్రాహకాన్ని మూసే మందుతో అది మాయమైతే నిరూపణ పూర్తయినట్టే.

వెనుకదారిని పట్టడానికి రేబిస్ వైరస్‌ను వాడతారు. అది సహజంగానే సినాప్స్‌లను దాటుతూ కొస నుంచి కణదేహం వైపు ప్రయాణిస్తుంది. 2007లో సాక్ సంస్థలో ఇయాన్ వికర్‌షామ్, ఎడ్వర్డ్ కాలవే బృందం ఆ వైరస్ నుంచి పైపొర ప్రొటీన్ జన్యువును తొలగించి, ఎంచుకున్న కణంలో మాత్రం దాన్ని విడిగా అందించింది. దాంతో వైరస్ ఒకే ఒక్క సినాప్స్ దాటి ఆగిపోతుంది. అలా వెలిగిన కణాల్లో ఎన్నింటికి జీఏడీ ఉందో చూస్తే, ఎంచుకున్న కణాన్ని మెదడులో ఎవరెవరు అణచివేస్తున్నారో ఒక జాబితా చేతికొస్తుంది.

అయినా గాబా అంటే ప్రతిచోటా అణచివేతే అనుకోవడానికి వీల్లేదు. పుట్టుకకు ముందు, పుట్టిన కొత్తలో నాడీకణాల లోపల క్లోరైడ్ ఎక్కువగా ఉంటుంది. అప్పుడు గాబా ద్వారం తెరిస్తే క్లోరైడ్ బయటికి పోయి కణం ఉత్తేజితమవుతుంది. క్లోరైడ్‌ను బయటికి తోడే కేసీసీ2 అనే ప్రొటీన్ పెరిగాకే గాబా నిరోధకమవుతుంది. కొన్ని తంతువులు రెండు రసాయనాలనూ కలిపే విడుదల చేస్తాయి: పాలిడస్ లోపలి భాగానికి సమానమైన చోటు నుంచి హబెన్యులా అనే కేంద్రానికి వెళ్లే తంతువుల్లో గాబా, గ్లుటమేట్ రెండూ ఉన్నాయని ఎలుకల్లో తేలింది. ఆ గీత పక్కన ఏ ఒక్క గుర్తూ సరిపోదు.

మనిషి మెదడులో పరిస్థితి ఇంకా కష్టం. బతికి ఉన్నవారిలో ట్రేసర్లు ఎక్కించలేం. డిఫ్యూజన్ ఎంఆర్‌ఐ నీటి అణువుల కదలికను బట్టి తంతుకట్టలను చూపుతుంది; సంకేతం ఏ దిశలో పోతోందో, ఏ రసాయనాన్ని మోస్తోందో చెప్పదు. ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీ గాబాను కొలుస్తుంది గానీ కొన్ని ఘనసెంటీమీటర్ల కణజాలానికి కలిపి ఒకే లెక్క ఇస్తుంది. కోతి, పిల్లి, ఎలుకల్లో గీసిన పటాలే నేటికీ ఆధారం. మందులదీ ఇదే పరిమితి. డయాజెపామ్ లాంటి మందులు మెదడంతటా ఉన్న ఎ-రకం గ్రాహకాల్లో అత్యధిక భాగాన్ని ఒకేసారి బలపరుస్తాయి; ఆందోళన తగ్గడంతో పాటు మగత, తూలుడు, మరపు అందుకే వస్తాయి.

ఒక్క కేంద్రంలోనే అణచివేతను పెంచే ప్రయత్నం పార్కిన్‌సన్ రోగుల్లో జరిగింది. సబ్‌థాలమిక్ కేంద్రంలోని గ్లుటమేట్ కణాలకు వైరస్ ద్వారా జీఏడీ జన్యువును అందించి, అవి గాబాను కూడా తయారుచేసేలా చేయడం దీని ఉద్దేశం. 12 మంది మీద జరిగిన మొదటి దశ ఫలితాలు 2007లో, 45 మందితో నకిలీ శస్త్రచికిత్సను పోల్చి చూసిన రెండో దశ ఫలితాలు 2011లో వెలువడ్డాయి. ఆరు నెలల తర్వాత జన్యువు అందుకున్నవారు నకిలీ శస్త్రచికిత్స జరిగినవారి కన్నా మెరుగుపడ్డారు. తేడా మాత్రం ఓ మోస్తరే. ఈ పద్ధతి ఇంతవరకు సాధారణ చికిత్సగా మారలేదు.